నలుపు ప్రింటులో కనబడని కుంకుమ

నవంబరు 4, మంగళవారం

పై ఆఫీసు నుంచి కొత్త రూల్స్ వచ్చాయి. నాలుగు పేజీలు. సోషల్ మీడియా మీద నిఘా పెట్టే సిబ్బంది అంతా చదివి సంతకం పెట్టాలట. మా స్టేషన్లో ఆ సిబ్బంది అంటే కానిస్టేబుల్ని నేనొక్కదాన్నే. మూలన ఒక కంప్యూటరు, ఊగే కుర్చీ.

అందరికీ కనబడే పోస్టులే చూడాలి. ఎందుకు చూశామో రాసి పెట్టాలి. రాతపూర్వక అనుమతి లేకుండా దొంగ పేరుతో ఎవరితోనూ స్నేహం కలపకూడదు. ఇంతకుముందు అలా చేసి ఉంటే పదో తేదీలోగా ఫారంలో ఒప్పుకోవాలి.

చివరిది రెండుసార్లు చదివాను. సంతకం పెట్టాను.

నవంబరు 5, బుధవారం

పౌర్ణమి. విజయపురి సౌత్‌లో కృష్ణ ఒడ్డున బందోబస్తు. ఆడవాళ్ళు నీళ్ళలో దీపాలు వదులుతున్నారు. జేబులో ఫోను… "దుర్గక్కా, దీపం పెట్టావా?"

దుర్గ అంటే నేనే. ఎస్సై గారు చెబితే ఫిబ్రవరిలో పెట్టుకున్న పేరు. ఊరు బొల్లాపల్లి, మొగుడు క్వారీ కూలి, ఫొటో బదులు చామంతి పువ్వు. అన్నీ అబద్ధాలే. అడిగింది కోటేశ్వరి. కారంపూడి వైపు క్వారీలో బండ కొట్టే ఏడుకొండలు భార్య. కూలి పెంచమని క్వారీ వాళ్ళు ధర్నాకు కూర్చున్నప్పుడు, లోపలి సంగతులు తెలుస్తాయని ఆమెతో స్నేహం కలిపాను.

ఏడుకొండలు నెల రోజులుగా సబ్‌జైల్లో ఉన్నాడు. పంపింది నేనే. ఆమెకు తెలియదు.

నవంబరు 6

ఇక్కడైనా రాయాలి.

దసరా నాడు కోటేశ్వరి ఒక ఫొటో పెట్టింది. తన వాళ్ళకు మాత్రమే కనబడేలా. ఇంటి ముందు కడిగి వరసగా పేర్చిన సమ్మెటలు, గునపాలు, ఉలులు. పసుపు, కుంకుమ, కోసిన నిమ్మకాయలు. ధర్నాలో ఉన్న వాళ్ళందరి పనిముట్లూ ఒకేచోట పెట్టి పూజ చేసుకున్నారు. అంతే. నాకు తెలియదా? మా నాన్నా బండ కొట్టినవాడే. పదో తరగతి దాకా ఆయన సమ్మెటకు బొట్లు పెట్టింది నేనే.

అయినా ఎస్సై గారికి చూపించాను. ఏదో ఒకటి చూపించకపోతే రోజంతా ఏం చేస్తున్నావంటారని.

"ఇన్ని గునపాలు ఒక్కచోట దేనికమ్మా? ఈ ఊళ్ళ కొట్లాటల సంగతి నీకు తెలవందా? మారణాయుధాలు పోగేశారని రాయి."

పూజ సంగతి చెప్పాననే ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. చెప్పలేదు. నోరు రాలేదు.

ఆయన చెప్పినట్టే రాసి, ఇంటాయన ఏడుకొండలు మీద పెట్టిన కేసు ఫైలుకు ప్రింటు తీశాను. స్టేషన్ ప్రింటరులో నలుపే వస్తుంది. కుంకుమ కనబడలేదు.

నవంబరు 7

ఫారం ఖాళీగానే ఉంది.

నవంబరు 8, శనివారం

అన్నం తింటుంటే నాన్నకు చెప్పేశాను. ఆయనకు దగ్గు తెర వచ్చింది. తర్వాత —

"నా సమ్మెట అటక మీదుంది. దాని ఫొటో కూడా తీసుకుపో."

"నా కొలువు పోతే నీ మందులెట్టా నాన్నా?"

"మొగుడు లోపలుంటే ఆ పిల్లకు తిండెట్టా?"

కంచంలో చెయ్యి కడిగేశాడు. సిగ్గేసింది. ఏడ్చాను.

నవంబరు 9, ఆదివారం

కోటేశ్వరి మెసేజీలు. పొద్దుటి నుంచి ఐదు.

"ఆ ఫొటో నేను పెట్టకపోతే పోయేదక్కా. తప్పంతా నాదే."

"మా వాళ్ళలోనే ఎవురో పట్టిచ్చారు. పక్కింటి పిన్నితో మాటలు మానేశా. ఇప్పుడు నీతో తప్ప ఎవురితోనూ మాట్లాడట్లా."

ఆ పిన్ని పాపం ఏ తప్పూ చేయలేదు. ఆ మాట చెప్పడానికి కూడా నాకు దారి లేదు.

నవంబరు 10, సోమవారం

ఫారం నింపాను. వాడిన పేరు: దుర్గ. అనుమతి: నోటిమాట, కాగితం లేదు. ఫొటోలో ఉన్నది: దసరా పూజకు పెట్టిన పనిముట్లు. బస్టాండు దగ్గర షాపులో రంగుల ప్రింటు తీయించి జత చేశాను.

ఎస్సై గారు నిలబడే చదివారు.

"రేపు వాడి బెయిలు వాయిదా. అదయినాక పైకి పంపుదాం. తొందరేంది?"

"ఇవాళే ఆఖరు తేదీ సార్."

"కొలువు మీద మోజు తీరిందా?"

ఫారం మళ్ళీ నా చేతిలో పెట్టారు. రేపు గురజాల కోర్టుకు ఫైలు తీసుకువెళ్ళే డ్యూటీ కూడా నాదే. ఫైల్లో నల్ల ప్రింటు. నా సంచిలో ఫారం, రంగుల ప్రింటు. ఏడుకొండలు లాయరు చేతికివ్వాలని తెలుసు. ఇవ్వగలనో లేదో తెలియడం లేదు.

సాయంత్రం కోటేశ్వరి —

"రేపు కోర్టుకు రా అక్కా. ఒక్కదాన్నే నిలబడలేను. నిన్నెప్పుడూ చూడలా. ఎట్టా గుర్తుపట్టాలి?"

'ఖాకీ బట్టల్లో ఉంటాను' అని టైపు చేశాను.

పంపలేదు. చెరపనూ లేదు…