లీటరుకు ముప్ఫై

జూన్ 2, సోమవారం

లీటరుకు 29.6 కిలోమీటర్లు.

ఈ ట్యాంకు మీద ఆశ పెట్టుకోవచ్చు. ఫ్లైఓవర్ ముందు వేగం తెచ్చుకుని, పైకెక్కాక కాలు తీసేసి, దిగుతున్నంతసేపూ బ్యాటరీ నింపుకున్నాను. ఆఫీసు గేటు దాకా ఇంజిన్ నోరెత్తలేదు. ఏసీ వేయలేదు. జాకెట్టు చెమటకి వీపుకి అంటుకుపోయింది, అయినా ముఖం మీద నవ్వు. లిఫ్టులో ఎవరో ఏమిటి విశేషం అని అడిగారు. ఏం చెప్తాం? పిచ్చిదనుకుంటారు.

మా ఆయన ఎప్పుడో అనేసుకున్నాడు. కారుని పెళ్ళి చేసుకుని నన్ను డిక్కీలో పడేశావు అంటాడు. డిక్కీలో కూడా వద్దు, బరువు అన్నాను. నవ్వాడు గానీ పూర్తిగా నవ్వలేదు.

జూన్ 5, గురువారం

29.7.

పెట్రోలు, బ్యాటరీ రెండింటితో నడిచే మా హైబ్రిడ్ కార్ల వాళ్ళ వాట్సాప్ గ్రూపులో ముప్ఫై క్లబ్ అని ఒకటుంది. ట్యాంకు ఖాళీ అయ్యేదాకా లీటరుకు ముప్ఫై నిలబెట్టి, బంకులో మీటర్ ఫోటో తీసి పెడితే అందులో చేరినట్టు. ఇంతవరకు ఒక్క ఆడమనిషి చేరలేదు. అందరూ గురువుగారని పిలిచే రిటైర్డ్ ఆయన ఒకడున్నాడు. ఆడవాళ్ళకి బ్రేకు మీద ప్రేమ ఎక్కువ అని నిన్న రాశాడు, పక్కన ఒక నవ్వు బొమ్మ. చూపిస్తా ఆగు.

సాయంత్రం అక్క వచ్చింది. మాకు రెండిళ్ళ అవతలే ఉంటుంది. పిల్లలు పుట్టాక లైబ్రరీ ఉద్యోగం మానేసింది, మళ్ళీ చేరనే లేదు. ఇప్పుడు గుట్ట మీది స్కూల్లో లైబ్రేరియన్ కావాలన్నారట, మంగళవారం ఇంటర్వ్యూ. ఇంట్లో అందరూ నన్ను కుర్చీని చూసినట్టు చూస్తున్నారే, ఉంది కదా అని వచ్చి కూర్చుంటారు అంది. అని పడీ పడీ నవ్వింది. వెళ్తూ వెళ్తూ నా నీలం చీర పట్టుకుపోయింది. దానికి ఇంత హుషారు చూసి చాలా ఏళ్ళయింది.

జూన్ 10, మంగళవారం. ఉదయం పది, ఆఫీసు

29.9. ట్యాంకులో ఇవాళ, రేపు తిరిగేంత ఉంది. అంతే.

ఏడున్నరకి అక్క ఫోన్. బావ ఊళ్ళో లేడు, బయట వాన, క్యాబ్ దొరకడం లేదు, గుట్ట మీద దింపి వెళ్తావా అంది. గుట్ట! ఇంజిన్ ఇంకా వేడెక్కకుండానే ఆ ఎత్తు ఎక్కితే యావరేజ్ ఎంత పడిపోతుందో నాకు తెలుసు. రెండు వారాలు ఉడికిపోతూ కూడబెట్టింది ఆ ఒక్క ఎత్తులో పోతుంది. నోరు దానంతటదే అనేసింది. అయ్యో అక్కా, కారు సర్వీసుకిచ్చానే.

అయ్యో, ఇప్పుడే అవ్వాలా అంది. అంతలోనే, పర్లేదులే, బస్సుంది కదా, నువ్వెలా వెళ్తావు మరి, గొడుగు పట్టుకెళ్ళు అంది.

గొడుగు పట్టుకెళ్ళమంది.

బస్‌స్టాపు అటువైపు, మా ఇంటి ముందు కారు దాని కంట పడదు. అది వీధి మలుపు తిరిగేదాకా ఆగి కారు తీశాను. ఫ్లైఓవర్ మీద వాన. మీటర్ మీద 29.9 కదల్లేదు. సంతోషించాను. అదీ రాస్తున్నాను, ఎవరు చూడొచ్చారు.

జూన్ 10, సాయంత్రం

ఉద్యోగం రాలేదట. ఎలా జరిగింది అంటే, నాకే అంత ఇష్టం లేదులే, మెట్లెక్కువ అంది. చీర ఉతికి తెచ్చిస్తానంది.

కారు మందుల షాపు వెనక సందులో పెట్టి ఇంటికి నడిచి వచ్చాను. సర్వీసులో ఉన్న కారు ఇంటి ముందు ఎలా ఉంటుంది?

జూన్ 11, బుధవారం

30.1. ఫోటో పెట్టాను. బోలెడన్ని చప్పట్ల బొమ్మలు. గురువుగారు శభాష్ తల్లీ అన్నాడు.

తీసేద్దామనుకున్నాను. తీయలేదు.

జూన్ 12, గురువారం

పొద్దున తొమ్మిదింటికి గుమ్మం ముందు బావ. స్కూటర్ మీద. కారు లేక ఇబ్బంది పడుతున్నావని మీ అక్క పంపింది, ఎక్కు అన్నాడు. నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. వద్దు బావా, మీకు డ్యూటీ ఆలస్యమవుతుంది అంటే, మీ అక్కకి నువ్వు చెప్పు, నాకంత ధైర్యం లేదు అన్నాడు.

ఎక్కాను. బావ స్కూటర్‌ది మా కారు పుట్టకముందు పుట్టుక. ప్రతి గుంతకీ ఒక్కో కేక. మందుల షాపు దాటేటప్పుడు అటు చూడకుండా మెడ బిగించుకుని కూర్చున్నాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఏం బండే అది, ఆ సందులో నీదానిలాగే ఉంది అని బావ అడిగేస్తాడేమోనని. అడగలేదు.

జూన్ 13, శుక్రవారం

మళ్ళీ వచ్చాడు. బండికేమైందట అని అడిగాడు. బ్యాటరీ అన్నాను. ఎన్నాళ్ళు పడుతుందట? పార్టు బయటి నుంచి రావాలట. రాలేదట. ఎప్పుడొస్తుందో తెలీదట.

అబద్ధానికి కాళ్ళుండవంటారు. దీనికి ఏకంగా రెండు చక్రాలు, వెనక సీటు కూడా వచ్చేశాయి.

జూన్ 16, సోమవారం

ఇవాళ సిగ్నల్ దగ్గర బావ తనంతట తనే చెప్పాడు. వెనక కూర్చున్నవాళ్ళ ముఖం కనపడదు కదా, అందుకే చెప్పగలిగాడేమో.

ఆ రోజు బస్సు గుట్ట కిందే ఆగిపోయిందట. అక్క ఆ వానలో పైదాకా నడిచిందట. వెళ్ళేసరికి ఇంటర్వ్యూలు అయిపోయాయి, లోపల వాళ్ళు టీ తాగుతున్నారట. గేటు దగ్గర మనిషి, టైముకి రావడం తెలీనివాళ్ళకి పుస్తకాలు అప్పగిస్తే ఎప్పుడు తిరిగొస్తాయమ్మా అన్నాడట. నవ్వుతూనే అన్నాడట. అక్క సర్టిఫికెట్లు తడవకుండా నీలం చీర కొంగులో చుట్టుకుని దిగి వచ్చేసిందట. నీకు చెప్పొద్దంది, కారు ఇవ్వలేకపోయానని నువ్వు బాధపడతావట అన్నాడు బావ.

దొంగకి తేలు కుట్టినట్టు కూర్చున్నాను. ఆఫీసు బాత్రూములో ఏడ్చాను, అదైనా ఎవరి కోసం ఏడ్చానో తెలీదు. అక్క కోసమే అయితే సాయంత్రమే వెళ్ళి చెప్పేసేదాన్ని. చెప్పలేదు.

జూన్ 17, మంగళవారం

చీర తెచ్చిచ్చింది. ఇస్త్రీ కూడా చేసింది.

జూన్ 19, గురువారం

నా ఉద్యోగం ఇన్సూరెన్స్ ఆఫీసులో. కారు గుద్దుకున్నవాళ్ళు చెప్పే కథలు విని, ఏది నిజమో ఏది కోతో తేల్చాలి. ఇవాళ ఒకాయన వచ్చాడు. ఆగి ఉన్న తన బండిని గేదె వచ్చి గుద్దిందట, అదీ వెనకనుంచి, అదీ రెండుసార్లు. మామూలుగా అయితే ఆయన్ని గేదె రంగు దగ్గర్నుంచి అడిగి ఏడిపించేదాన్ని. తలెత్తి చూడలేకపోయాను. పక్క సీటతని దగ్గరకి పంపేశాను.

మధ్యాహ్నం అక్క ఫోన్. బావ స్నేహితుడెవరో హైబ్రిడ్ కొందామనుకుంటే వద్దని చెప్పిందట. మా చెల్లెలిది చూడు, ఏడాది తిరక్కుండానే మూలపడింది అందట. పాపం అది ఎంత మురిసిపోయిందో దాని మీద అందట.

జూన్ 21, శనివారం

మా ఆయనకి కోపం వచ్చింది. అక్క ఈయన్ని వీధిలో ఆపి బ్యాటరీ సంగతి అడిగిందట. సర్వీసు అబద్ధం తెలుసు గానీ బ్యాటరీ సంగతి తెలీని ఈయన తెల్లముఖం వేసుకుని నిలబడ్డాడట. చెప్తావా, నన్ను చెప్పమంటావా అన్నాడు. మీ అక్క దగ్గర నాకు ముఖం చెల్లడం లేదు, తప్పు చేసింది నువ్వు, తల దించుకుంటున్నది నేను అన్నాడు. నేనూ అరిచాను. పదినిమిషాల అబద్ధానికి ఇంత శిక్షా అన్నాను.

పదినిమిషాలా అన్నాడు. వేళ్ళ మీద లెక్కపెట్టబోయి మానేశాడు.

జూన్ 22, ఆదివారం

చెప్పేశాను.

అక్క హాల్లో బావ చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. బావ టీవీ ముందున్నాడు. అక్కా, కారు సర్వీసుకి వెళ్ళలేదే అన్నాను. తెలుసు అంది. చెయ్యి ఆగలేదు, కాలరు తిప్పి రెండోవైపు రుద్దింది.

ఆ రోజు ఫ్లైఓవర్ దిగాక సిగ్నల్ దగ్గర దాని బస్సు పక్కనే నా కారు ఆగిందట. బస్సు కిటికీ అద్దం మీద కొట్టిందట. నేను తల తిప్పలేదట. స్క్రీన్ చూసుకుంటూ నాలో నేనే నవ్వుకుంటున్నానట. బస్సు దిగి వచ్చేద్దామని సీట్లోంచి లేచింది కూడానట. మళ్ళీ, అది నాతో అబద్ధమాడిందంటే పెద్ద కారణమే ఉండి ఉంటుంది, నడిరోడ్డు మీద దాన్ని సిగ్గుపరచడం ఎందుకని కూర్చుండిపోయిందట.

మరి బావని ఎందుకు పంపావే అన్నాను. ఒక్కరోజు ఎక్కితే చాలు, నువ్వే చెప్పేస్తావనుకున్నా అంది. చెప్పలేదు. బ్యాటరీ అన్నావు. సరే, దీనికేదో చెప్పుకోలేని కష్టమే వచ్చిందనుకున్నా. ఒంట్లో బాగాలేక డాక్టరు దగ్గరికి వెళ్తున్నావా, మీ ఆయనతో ఏమైనా గొడవా, ఉద్యోగానికి ఏమైనా వచ్చిందా. రోజూ సాయంత్రం బావని అడిగేదట, ఇవాళ దాని ముఖం ఎలా ఉంది అని. దిగులుగా ఉంది అని బావ చెప్పేవాడట. అది విని అక్కకి అన్నం సహించేది కాదట. హైబ్రిడ్ కొనబోయిన ఆ స్నేహితుడు కూడా నా చేత నిజం చెప్పించడానికి అల్లిన కథేనట.

అప్పుడు అడిగింది. ఇంతకీ ఏమిటే కారణం? ఏదైనా సరే చెప్పు, నేనున్నా కదా అంది. ఇస్త్రీ పక్కన పెట్టి నా చెయ్యి పట్టుకుంది.

ఆ చెయ్యి పట్టుకోకుండా ఉంటే ఏదో ఒకటి అల్లేసేదాన్ని. నిజం చెప్తున్నా, రెండు కథలు సిద్ధంగా ఉన్నాయి.

మైలేజీ అక్కా అన్నాను. గుట్ట ఎక్కితే మైలేజీ పడిపోతుందని.

దానికి మొదట అర్థం కాలేదు. ఏం పడిపోతుంది అంది. మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. లీటరుకి ముప్ఫై రావాలని, ఫోటో పెట్టాలని. చెప్తుంటే నా మాటలు నాకే చిన్నపిల్ల గొంతులా వినపడ్డాయి. అక్క నా చెయ్యి వదిలేసింది. ఇస్త్రీ స్విచ్ ఆపి, చొక్కాలు మడత పెట్టకుండానే ఎత్తుకుని లోపలికి వెళ్ళింది. మళ్ళీ బయటికి రాలేదు. బావ టీవీ సౌండ్ తగ్గించి చెప్పుల వైపు చూశాడు, నా చెప్పుల వైపు. వేసుకుని వచ్చేశాను.

జూన్ 23, సోమవారం

బావ రాలేదు.

మందుల షాపు వెనక నుంచి కారు తెచ్చి ఇంటి ముందు పెట్టాను. అద్దాల మీద వేలెడు దుమ్ము. గ్రూపులోంచి బయటికి వచ్చేశాను. అది ఎవరికి ఉపకారమో.

జూన్ 25, బుధవారం

ఫోన్ చేశాను. ఎత్తలేదు. వెళ్ళాను. స్నానం చేస్తోందన్నారు పిల్లలు. అరగంట కూర్చున్నాను. ఇంకా చేస్తోందన్నారు.

జూన్ 28, శనివారం

కూరగాయల కొట్టు దగ్గర బావ కనపడ్డాడు. సోమవారం అక్కకి ఇంకో ఇంటర్వ్యూ ఉందట, ఊరి చివర కాలేజీలో. ఆయనకి ఆ రోజు డ్యూటీ మారడం కుదరలేదట. నేను దింపుతాను బావా, ఏసీ వేసుకుని, ఎన్ని గుట్టలైనా సరే అన్నాను. నవ్వలేదు. నీతో వెళ్తావా అని ముందే అడిగా, బస్సే బాగుందంది అన్నాడు. అక్క నన్ను చిన్నప్పట్నుంచీ తిట్టింది, కొట్టింది, జడ పట్టుకుని లాగింది. ఇలా నన్ను వద్దనడం ఇదే మొదలు.

జూన్ 30, సోమవారం

ఏడింటికి కారేసుకుని వాళ్ళ గుమ్మం ముందు నిలబడ్డాను. అక్క తలుపు తాళం వేసి, నన్ను దాటుకుని బస్‌స్టాపుకి నడిచింది. కారు అక్కడే వదిలేసి నేనూ నడిచాను. బస్సులో ఒక్క సీటే ఉంది. అక్క కూర్చుంది. నేను పక్కన నిలబడ్డాను. మధ్యలో ఎక్కడో, నా వైపు చూడకుండానే చెయ్యి చాపి, నా బ్యాగు తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.