పిల్లి కాలి కోసం గుమ్మడికాయ వేలం

అక్కా,

నా రాత కోడిగీకుడే. తప్పులుంటే నవ్వుకుని చదువుకో.

మా కూరగాయల మార్కెట్లో నేను కాటా వేసే చోట ఒక పిల్లి తిరుగుతూ ఉంటుంది. ఎవరిదీ కాదు. పోయిన నెల దాని వెనక కాలి మీద ఉల్లిపాయల బస్తా పడింది. లోపల కడ్డీ వేస్తే కాలు నిలుస్తుంది, లేకపోతే తీసెయ్యాలి అన్నాడు పశువుల డాక్టరు. ఆ ఖర్చు నా జీతానికి అందేది కాదు. ఎవరినైనా అడగాలంటే నాకు నోరు పెగలదని నీకు తెలుసు.

వేలం వేసే పెద్దాయన దగ్గరకెళ్లి నసిగాను. ఆయన ఒక గుమ్మడికాయ నా చేతిలో పెట్టి, "పిల్లి నీది, గొంతూ నీదే. కానియ్" అన్నాడు. కళ్లు మూసుకుని, "పిల్లి కాలికి గుమ్మడికాయ!" అని అరిచాను. అందరూ ఘొల్లున నవ్వారు. టమాటాలమ్మే ఆవిడ డబ్బు కట్టి, కాయ మళ్లీ నా చేతికే ఇచ్చింది.

"నాకెందుకయ్యా? గుమ్మడికాయ వండితే మా ఆయన ఇల్లొదిలి పారిపోతాడు. ఇంకోసారి వేలం వెయ్యి!"

ఇక ఒకరిని చూసి ఒకరు కొనడం, తిరిగివ్వడం. బస్తా జారవిడిచిన హమాలీ అయితే రెండుసార్లు కొన్నాడు. డబ్బు సరిపోయింది, ఇక చాలని పెద్దాయన అన్నా నేను ఆపలేదక్కా!

ఇవాళ పిల్లి నాలుగు కాళ్ల మీద నడుచుకుంటూ వచ్చి, దర్జాగా కాటా పళ్లెంలో కూర్చుంది. దాన్ని దించడానికి ఎవరికీ మనసు రాక కాసేపు బేరాలన్నీ ఆగిపోయాయి.

నేను నలుగురిలో గొంతెత్తానంటే బావ ఏమన్నాడో వెంటనే జవాబు రాయి.

నీ తమ్ముడు