ఐస్‌లాండులో మర్యాదలు పనికిరావు

గిలకలదిండి, బందరు

దైవాధీనం బావగారికి, ప్రభువు పేరట మత్తయి వందనాలు.

ఇక్కడ అక్కయ్యా నేనూ కులాసా. చేపలు నిలవచేసే పని నేర్చుకోమని నన్ను కూడా మీరున్న ఐస్‌లాండుకే పంపుతున్నారు. ఐసు ఫ్యాక్టరీవాణ్ణి ఐసు దేశానికి పంపడమేమిటని రేవంతా ఒకటే నవ్వు. మీరు వెళ్ళి ఏడాదైంది కదా, అక్కడ ఎలా మసలుకోవాలో కాస్త రాయండి.

మీ బావమరిది,
మత్తయి

తా.క.: అక్కయ్యకు ఈసారైనా వేరే కవరు రాయండి. నా ఉత్తరాలు లాక్కుని బైబిల్లో పెట్టేసుకుంటోంది.


రేక్యావిక్

ఒరేయ్ మత్తయీ,

ఉన్ని బట్టలు, ఆవకాయ తెచ్చుకో. ఎండాకాలం పొద్దు గుంకదు, చలికాలం సరిగ్గా పొద్దు పొడవదు. వాచీ చూసి తిను. కుళాయిలో వేడినీళ్ళే వస్తాయి గానీ కోడిగుడ్డు కంపు. రాళ్ళ జోలికి మాత్రం వెళ్ళకు. వాటిలో కంటికి కనపడని మనుషులుంటారట, వాళ్ళకోసం రోడ్డునే వంకర తిప్పారు!

తెలుగు మాట్లాడే దిక్కులేక నేను రోజూ మా ఇంటి వెనక రాతిగుట్టకు కబుర్లు చెప్పుకుంటాను. మొన్న గుట్ట దగ్గర్నుంచి లేచి వస్తూ, అలవాటు కొద్దీ, "బందరు వస్తే మా ఇంట్లోనే దిగాలి, మా ఆవిడ చేపల పులుసు పెడుతుంది" అన్నాను.

నీ బావ

తా.క.: ఏమన్నావని నేను అద్దెకున్న ఇంటి ముసలామె అడిగితే అర్థం చెప్పాను. అప్పట్నుంచీ నా కంచం వేరే బల్లమీద పెడుతోంది.


బందరు

బావగారికి వందనాలు.

మీరు పంపిన దొరసాని క్షేమంగా చేరింది. ముందే రాయకూడదటండీ? బూడిదరంగు గౌను, పెట్టే బేడా ఏమీ లేదు. ఎలా వచ్చారంటే నడిచొచ్చానంది, అదీ తెలుగులో, అచ్చం మీరు మాట్లాడినట్టే! మీరు రెండో పెళ్ళి చేసుకున్నారని అక్కయ్య వంటింట్లో కూర్చుని ఏడ్చింది. ఆవిడే వెళ్ళి కళ్ళు తుడిచింది. "ఆయన రోజూ నీ గురించే చెబుతాడమ్మా" అంది. ఇప్పుడిద్దరూ క్షణం విడిచి ఉండరు.

మీ మత్తయి

తా.క.: ఈ మే నెల ఎండలో కూడా ఆవిడ కూర్చున్న గది మా ఐసు ఫ్యాక్టరీలా ఉంటోంది. ముక్కుకీ పై పెదవికీ మధ్య ఉండే గాడి ఆవిడకు లేదండీ. ఆ దేశంలో ఎవరికీ ఉండదా?


రేక్యావిక్

మత్తయీ,

నేనెవర్నీ పంపలేదురా! గాడి ఇక్కడ అందరికీ ఉంటుంది, ఆ రాళ్ళలో వాళ్ళకు తప్ప. ముసలామె కాళ్ళావేళ్ళా పడితే చెప్పింది. ఆ చుట్టం తనంతట తనే వెళ్తానంటుందట. "ఇంకో రెండ్రోజులుండండి" అనొద్దు. తన ఇంటికి రమ్మంటే మొహం మీదే "రాము" అనాలట. మీ అక్కకు మొహమాటం ఎక్కువ, దాని నోరు నువ్వే మూయించాలి. నాకున్నది అదొక్కతేరా.

కంగారులో,
దైవాధీనం

తా.క.: గుట్ట దగ్గరికెళ్ళి తిట్టొచ్చాను. "అండీ" పెట్టే తిట్టాను.


బందరు

బావగారూ,

మీ ఉత్తరం నిన్న అందింది. అప్పటికే అంతా అయిపోయింది. ఆదివారం మేం చర్చి నుంచి రాగానే ఆవిడ వెళ్తానంది. అక్కయ్య రెండ్రోజులు ఆపింది. వెళ్తూ వెళ్తూ ఆవిడ "మా ఇంటికి నువ్వూ రావాలి" అంటే, అక్కయ్య "అయ్యో, తప్పకుండా వస్తానండీ" అంది. ఎవరైనా అలాగే అంటారు కదండీ! సాగనంపుతానని వీధి చివరిదాకా వెళ్ళి మళ్ళీ రాలేదు. రేవులో పడవలన్నీ వెతికించాను. మీ దగ్గరికొస్తే వెంటనే రాయండి. నాకు భయంగా ఉంది.

మత్తయి

తా.క.: పులుసు దాక కూడా కనిపించడం లేదు.


రేక్యావిక్

మత్తయీ,

మీ అక్క వచ్చింది. గుట్టలోంచి చేపల పులుసు వాసన వస్తోంది. "ఏవండీ, అన్నం చల్లారిపోతోంది" అని పిలుస్తోంది. లోపలికెళ్ళినవాళ్ళు తిరిగి రారని ముసలామె నా చెయ్యి పట్టుకుని ఏడుస్తోంది. ఏడాదైందిరా దాన్ని చూసి. ఆ రాతిలో అది వడ్డించుకుని ఒక్కతీ కూర్చుంటే, నేనిక్కడ రొట్టె నములుతూ ఎలా ఉండను? వెళ్తున్నాను.

నువ్వు ప్రయాణం మానకు, మంచి ఉద్యోగం. నా గది నీకిమ్మని ముసలామెకు చెప్పాను.

ప్రేమతో,
నీ బావ

తా.క.: గుట్ట వైపు కిటికీ తియ్యకు. అక్కా నేనూ భోజనానికి పిలుస్తాం. చాలా ప్రేమగా పిలుస్తాం. ఇప్పుడే తిన్నానంటే ఒప్పుకోం. మా మనసు కష్టపడుతుందని చూడకురా. "రాను" అను.