గేటు పక్క మగతీగ

అమ్మాయ్ ఉస్తీన్యా, ఇక్కడ అందరం క్షేమమే, నా ఒళ్లు మాత్రం ఇంకా మండుతూనే ఉంది. ఉసూరి నది ఒడ్డున సున్నాకి నలభై డిగ్రీలు కిందికి దిగిన చలికి కూడా చావని మన ద్రాక్షతోటని మీ ఫదేయ్ బాబాయి ఒక్క పూటలో చంపేశాడు. సాయం చేస్తానని వచ్చి, గేటు పక్క తీగని వేళ్లతో సహా పీకేశాడు.

“ఒక్క గుత్తి కాయదు వదినా, ఊరికే తిని కూర్చుంటోంది!” అంటాడు.

“తిని కూర్చునేది నువ్వయ్యా! అది మగతీగ. దాని పుప్పొడి లేకపోతే మిగతా పదకొండు ఆడతీగలూ కాయవు. ఇంక వైన్ దేంతో చేస్తాం, నీ తలకాయతోనా?” అని చీపురు తీశాను.

నీ పెళ్లికి నేనిచ్చిన తీగ ఉంది చూడు. ఆరేళ్లయినా కాయలేదని, “మీ అమ్మ గొడ్డుతీగ అంటగట్టింది” అని మీ అత్తగారు దెప్పుతోందని అలిగి రాశావు. అది ఈ మగతీగ కొమ్మే. ఇక్కడిది పోయినా అక్కడొకటి బతకాలని ఇచ్చాను. ముందే చెబితే తీసుకెళ్లేదానివా? జూన్‌లో అది పూసిన రోజే పూరెమ్మలు కోసి, తడిగుడ్డలో చుట్టి, నువ్వే రైలెక్కి రా. ఇక్కడి ఆడపూల మధ్య కడదాం. నాన్న మోకాళ్లకి ఉన్నిపట్టీలు తీసుకురా. పిల్లదాని దగ్గు తగ్గిందా?

మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పు. తోట కత్తెర మాత్రం ఆవిడకి అందకుండా దాచిపెట్టు.

మీ అమ్మ లుకేర్యా