జీడిపండ్ల సైడర్

పుణె, ఆగస్టు 2017

ప్రియమైన అత్తకు,

షాలిని వందనాలు. ఫోన్లో చెబితే సగం నీ చెవికి చేరదు, మొత్తం మాత్రం వీధికి చేరుతుంది. అందుకే ఉత్తరం.

జ్యూసు ఫ్యాక్టరీ ఉద్యోగం మానేశాను. అక్కడ నాతో పనిచేసిన అరుణశ్రీ, నేను కలిసి సొంతంగా సైడర్ తయారీ మొదలుపెట్టాం. ఆపిల్ రసాన్ని ట్యాంకుల్లో పులియబెట్టి చేసే పానీయం అది. బీరుకున్నంత మత్తు ఉంటుంది. "జ్యూసే అత్తా" అని నీకు చెప్పొచ్చు, కానీ చెప్పను. అమ్మానాన్నలు పోయాక నన్ను పెంచింది నువ్వు. నీ దగ్గర ఏదీ దాచలేను.

లైసెన్సు చేతికొచ్చింది. ట్యాంకులు మేమే కడుక్కుంటున్నాం. కోప్పడు గానీ జవాబు రాయి.

నీ షాలిని

*

నౌపడ, సెప్టెంబరు 2017

ప్రియమైన షాలినికి,

ప్రభువు నామంలో దీవెనలు. ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారీ అదే ఉంది.

మన బాప్టిస్టు సంఘంలో చేరేవాళ్లందరి చేతా పాస్టరుగా మీ తాత చేయించిన మొదటి ప్రమాణం మద్యం ముట్టనని. ఆ సంఘంలో నేను స్త్రీల సమాజానికి అధ్యక్షురాలిని. మొన్న ఆదివారం శాంతి టీచరు "షాలిని ఏటి సేస్తన్నాది పిన్నీ?" అని అడిగింది. విననట్టు ఊరుకున్నాను. చెవుడు నాకు మొదటిసారి ఉపయోగపడింది.

జామ్ చెయ్యి, వెనిగర్ చెయ్యి, నేను వద్దనను. ఇది మాత్రం మానెయ్. వేళకు అన్నం తిను.

నీ కోసం ప్రార్థించే అత్త,
అన్నమ్మ

*

పుణె, జూన్ 2018

ప్రియమైన అత్తకు,

మానలేదు. మొదటి ట్యాంకు పుల్లగా మారి పాడైపోతే కాలువలో పోశాం. అరుణశ్రీ అక్కడే కూర్చుని ఏడ్చింది. నేను పైపు తీసుకుని ట్యాంకు కడగడం మొదలుపెట్టాను. రెండోది బాగా కుదిరింది. అప్పట్లో సీసాలు పట్టుకుని హోటళ్ల చుట్టూ తిరిగితే "సైడర్ అంటే ఏమిటి?" అని అడిగేవాళ్లు. ఇప్పుడు వాళ్లే ఫోన్ చేసి ఎప్పుడు పంపుతారని అడుగుతున్నారు. బీరు చేదని వదిలేసిన కుర్రకారంతా దీన్ని అడుగుతున్నారు. ఈ వేసవిలో చేసిందంతా అయిపోయింది.

నువ్వు సంతోషించవని తెలుసు. నీకు కాకపోతే ఎవరికి చెప్పుకోను?

నీ షాలిని

*

నౌపడ, అక్టోబరు 2018

ప్రియమైన షాలినికి,

ప్రాణాలతో ఉన్నాను. కంగారుపడకు. తిత్లీ తుఫాను ఇంటిని వదిలేసి తోటను పట్టుకుంది. జీడిచెట్లు సగం వేళ్లతో సహా పడిపోయాయి. పక్కింటి కూర్మమ్మకు నాలుగు చెట్లే మిగిలాయి. పడిన మానుమీద కూర్చుని, "మళ్లీ నాటితే ఎప్పుడు కాస్తాదే అన్నమ్మా? అందాకా పిల్లలకి ఏటి పెడతాను?" అంది. ఆమె పక్కన కూర్చున్నాను.

అత్త

*

పుణె, డిసెంబరు 2018

ప్రియమైన అత్తకు,

ఈ ఉత్తరం కూర్మమ్మ పెద్దమ్మకు కూడా చదివి వినిపించు.

మనవాళ్లు జీడిపిక్క వలుచుకుని పండు పారేస్తారు. ఆ పండుతో సైడర్ చేసి చూశాం. ఒగరు తీసేస్తే ఆ వాసన ముందు ఆపిల్ నిలబడదు. పండు ఒక్కరోజుకే చెడిపోతుంది కాబట్టి అక్కడే రసం తీసి, చల్లటి వ్యానులో తెచ్చుకుంటాం. మిగిలిన చెట్ల పండ్లు ఎవరిచ్చినా మంచి ధరకు కొంటాను.

నీ తోట పండ్లు కూడా అడుగుతున్నాను. సంఘంవాళ్లు అడిగితే వెనిగర్‌కని చెప్పుకుందామన్న ఆలోచన నీకు రావచ్చు. వద్దత్తా. సైడర్‌కే. మార్చిలో వస్తాను. ఇంట్లోకి రానివ్వకపోయినా ఊళ్లోకి వస్తాను.

నీ షాలిని

*

నౌపడ, ఫిబ్రవరి 2019

ప్రియమైన షాలినికి,

నా తోట పండ్లు ఇవ్వను. అది నాకూ దేవుడికీ మధ్య మాట. ఈ విషయంలో నన్ను మళ్లీ అడగకు.

కూర్మమ్మకు నీ ఉత్తరం చదివాను. "పందులు తినే పండుకి డబ్బులిస్తాదా? రమ్మను మరి!" అంది. ఇంకో ఏడెనిమిది ఇళ్లవాళ్లు ఇస్తామన్నారు. దాంతో ఊరంతా తెలిసింది.

నిన్న కూటం అయ్యాక సంఘపెద్ద జ్ఞానానందం గారు అందరిముందూ నిలబడి అడిగారు.

"అన్నమ్మా, నీ మేనకోడలు సారా యాపారం సేస్తందట. నిజమేనా?"

విననట్టు ఊరుకోవచ్చు. కానీ లేచాను.

"సారా కాదండి, సైడరు. మత్తు ఉంటాది. నేను తాగను, ఎవులినీ తాగమనను. అలాగని ఆ పిల్ల పేరు దాసి ఈ కుర్సీలో కూకోలేను."

సమాజం బీరువా తాళాలు ఆయన బల్లమీద పెట్టాను. ఎవరూ వెనక్కి పిలవలేదు. శాంతి టీచరు వెనకే వచ్చి, చెయ్యి పట్టుకుని రైలుగేటు దాకా నడిచింది. వచ్చే ఆదివారం మళ్లీ వెళతాను. కుర్చీ లేకపోతే చాపమీద కూర్చుంటాను. అది నా సంఘం.

నువ్వు చేసేది ఇప్పటికీ నాకు నచ్చలేదు. కూర్మమ్మ పెరట్లో రసం తీసుకో. భోజనం, పడక మాత్రం మనింట్లోనే. నీ వ్యాను వెనకవీధిలో దాచొద్దు. మన గుమ్మం ముందే పెట్టు.

నీ అత్త,
అన్నమ్మ