మాటలు: మనోజ్ఞ

3 నవంబర్ 2025, సోమవారం

ఇవాళ్టి నుంచి మా సీరియల్ మధ్యాహ్నం రెండింటికి. నెలాఖరుకు క్లోజ్. ఎనిమిదేళ్లుగా ఖమ్మంలో ఈ కిరాయి ఇంట్లో కూర్చుని డైలాగులు రాసి పంపుతున్న నాకు వాట్సాప్‌లో ఒక్క మెసేజ్. జనానికి ఇప్పుడు కథలొద్దట, నిజాలు కావాలట.

మా ఏడున్నర స్లాట్‌లో కొత్త రియాలిటీ షో. పేరు ‘కల్లూరు కోడలు’. ఆ కోడలెవరయ్యా అంటే, నా తోడికోడలు నాగలత! ఉత్తరం ముక్క రాయడం రాదు దానికి. కల్లూరు బస్టాండ్ దగ్గర నిలువెత్తు ఫ్లెక్సీ. నేనూ కల్లూరు కోడలినే. పెద్దకోడలిని.

4 నవంబర్

కుళ్ళుగా ఉంది. ఇక్కడ తప్ప ఎక్కడా చెప్పను.

7 నవంబర్, 8.20

ఫోన్ రాలేదు. సీరియల్ అయిపోగానే, ఎనిమిదింటికి, అత్తమ్మ సుబ్బరత్నం రోజూ చేసేది. టైటిల్స్‌లో ‘మాటలు: మనోజ్ఞ’ అని రెండు సెకన్లు పడుతుంది. దాని కోసం పక్కింటివాళ్లను కూడా పిలిచేదట, అగో మా పెద్దకోడలు అని. ఇప్పుడు ఆమే టీవీలో ఉంది, నాగలత పక్కన. ఇక నేనెందుకు గుర్తుంటాను?

షోలో కల్లూరులోని మా ఇంటి వెనక అడవి చూపిస్తున్నారు. మా పెరటి వెనక ఉన్నది ఆయిల్‌పామ్ తోట. టేకులపల్లిలో డ్రోన్ ఎగరేసి, అక్కడి అడవిని తెచ్చి అతికించారు. ఇదీ రియాలిటీ. కడుపుబ్బ నవ్వాను. అయినా ఎపిసోడ్ చివరిదాకా చూశాను.

12 నవంబర్, బుధవారం

రామ్‌చందర్ ఫోన్. ఛానల్లో మా సీరియల్‌కూ ఈ షోకూ ఆయనే పెద్ద. షోకు రాయాలట. స్క్రిప్ట్ అనకూడదట, సిచ్యుయేషన్ అనాలట. ఇబ్బంది అత్తమ్మతోనట. మీ సీరియల్ చూసీ చూసీ పెద్దామె ఆ డైలాగులే కొడుతున్నది, కాపీ అని జనం కామెంట్లు పెడుతున్నరు, నాచురల్‌గా నాలుగు మాటలు రాసియ్యండి మేడమ్ అన్నాడు.

సరే అన్నాను.

ఇక్కడైనా నిజం రాయాలి కదా. మా సీరియల్లో అత్త పాత్రకు పేరు తెచ్చిన డైలాగ్ ‘ఏడిస్తే ఏడువు గాని ఎసరు పొంగనియ్యకు’. అది నా బుర్రలో పుట్టింది కాదు. నాన్న పోయిన ఏడాది నేను వంటింట్లో ఏడుస్తుంటే, అత్తమ్మ వీపు మీద చెయ్యి వేసి అన్న మాట. ఆ వారమే సీన్‌లో పెట్టేశాను. అప్పటి నుంచి ఎనిమిదింటి ఫోన్‌ను పెన్ను పట్టుకునే విన్నాను. ఇది నా మాట కదా అని ఆమె ఒక్కసారీ అనలేదు.

రామ్‌చందర్‌కు చెబితే నాకు మిగిలేదేముంది? పైగా, నాగలత షో పాడవుతోందంటే లోపల చల్లగా అనిపించింది.

18 నవంబర్, మంగళవారం

కల్లూరు వెళ్లాను, షూటింగ్‌కు. నాగలత ఏడవాలి. అత్తమ్మ నేను రాసిచ్చినది చెప్పాలి: ‘బాధ పంచుకుంటే తగ్గుతుంది తల్లీ’. నోరు తెరిస్తే ఎసరే వచ్చింది. కట్. మళ్లీ ఎసరే. నాలుగు టేకులు.

అప్పుడు నాగలత కళ్లు తుడుచుకుని, అవి ఆమె మాటలే సార్, నేను కాపురానికి వచ్చిన కాడ్నుంచి ఇంటున్న, కావాలంటే మా అక్కనే అడుగుండ్రి అన్నది.

అందరూ నా వైపు చూశారు. అత్తమ్మ కూడా.

మా అత్తమ్మకు సీరియల్ అంటే ప్రాణం సార్ అన్నాను.

అత్తమ్మ మంచినీళ్లు అడిగింది. తర్వాత కెమెరా ముందు నోరు విప్పలేదు. సైలెన్స్ బాగుంది, చాలా రియల్‌గా ఉంది అన్నాడు రామ్‌చందర్.

19 నవంబర్

నాగలత నాకంటే మంచిదా? రోజంతా ఇదే మంట.

20 నవంబర్, 8.04

ఫోన్ వచ్చింది. అత్తమ్మ. ఏం కూర వండినవ్ అని అడిగింది. తర్వాత, నోరు తెరిస్తే నీ సీరియల్ మాటనే అంటున్రు బిడ్డా, నాకు వేరే మాటలు రావాయె, రేపు పొద్దుగాల ఏం మాట్లాడాల్నో నువ్వే రాసి పంపు అన్నది. గొంతులో ఎత్తిపొడుపేమైనా ఉందేమోనని వెతికాను. లేదు.

కాగితం తీశాను. ఏం రాసినా ఆమె గొంతే వినబడుతోంది. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

21 నవంబర్, ఉదయం 6

మా సీరియల్ చివరి ఎపిసోడ్ పంపేశాను. ‘మాటలు’ పక్కన నా పేరు కొట్టేసి సుబ్బరత్నం అని రాశాను. రామ్‌చందర్‌కు ఉన్నదున్నట్టు మెసేజ్ పెట్టాను. ఫోన్ మోగుతూనే ఉంది, ఎత్తట్లేదు.

నాగలత నాకంటే ముందే చెప్పేసింది. అది మాత్రం ఇంకా కుళ్ళుగానే ఉంది.