అమ్మ గీసిన కుళాయి

టీచరమ్మ గారికి,

ఆరేళ్ళుగా కడుపులో పెట్టుకున్న మాట ఇవాళ కక్కేస్తున్నాను. ఆ రోజు నేను నీ బడికొచ్చాను. నీకు తెలీదు. ఫోనుని పైనించి వేలాడదీసి, దాని కెమెరాతో పిల్లల పుస్తకాలు గోడ మీద పెద్దగా చూపించాలి, దానికో స్టాండు కావాలి అన్నావని, అరంగుళం పైపు వంచి, కింద ఇనపరేకు పీట బిగించి మోసుకొచ్చాను. రెండు బస్సులు మారాను. కిటికీలోంచి చూస్తే గోడ మీద నేను నీకు రాసిన ఉత్తరం. ఒక్కో అక్షరం గుమ్మమంత. పిల్లలందరూ పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. నువ్వూ నవ్వుతున్నావు.

నేను రెండో క్లాసు దాటలేదు. రాయడం రానిచోట బొమ్మ గీస్తాను. అది నీకు గీశాను, గోడకి కాదు. స్టాండు గేటు దగ్గర కాపలా అతని చేతిలో పెట్టి వచ్చేశాను. అప్పట్నించీ నీ ఫోను ఎత్తలేదు. ఎందుకో చెప్పలేదు. చదువుకున్నదానివి, నీకే తెలియాలి.

ఇప్పుడు రాసేది నాకోసం కాదు. పోయిన నెల మీ అమ్మకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట పడిపోయాయి. ప్రాణానికి భయం లేదన్నాడు డాక్టరు. నీకు చెప్పొద్దని పక్కింటావిడ నోరు కట్టేసింది నేనే. మాట పడిపోయినవాళ్ళకి బొమ్మలు చూపించి అడగాలట. నీ బడిలో పిల్లలచేత అలాంటివే చేయిస్తావట కదా. నాలుగు గీసి పంపు. నువ్వు రానక్కర్లేదు. నేను పిలిచినప్పుడు వద్దువుగాని.

ఇట్లు,
పైపుల మేస్త్రి

*

ప్రియమైన నాన్నకి,

అమ్మ ఫోను చెయ్యడం మానేస్తే పక్కింటి పిన్నిని అడిగాను. చుట్టాలింటికెళ్ళిందంది. నీకు భయపడే అనుంటుంది. ఇప్పటికిప్పుడు రావాలనుంది. కానీ నీ సంగతి నాకు తెలుసు, గుమ్మంలో గొడవైతే అమ్మ తట్టుకోలేదు. ఒక్క మాట పిలువు, ఆ రోజే బస్సెక్కుతాను.

ఆ ఉత్తరంలో ఏం గీశావో గుర్తుందా? నీళ్ళ ట్యాంకులో జారిపడ్డానని రాయడం రాక, ట్యాంకు లోంచి నీ రెండు కాళ్ళు పైకి, పక్కన నిచ్చెన పట్టుకుని తిడుతున్న అమ్మ. నన్ను నవ్వించడానికి గీశావా లేదా? పిల్లలూ దానికే నవ్వారు. "మాట దొరక్కపోతే మా నాన్న ఇలా చెప్తాడు, మీరూ ఇలా చెప్పండి" అన్నాను. అప్పట్నుంచి నా క్లాసులో పాఠం వింటూ బొమ్మల నోట్సు రాస్తారు. వాన పాఠమైతే ఒక మబ్బు, ఒక బాణం, ఒక చెరువు, పక్కన ఒకే మాట. ఏడాదంతా నోరు విప్పని పిల్ల ఒకతి ఉండేది. అది మొదట గీసింది నీ కాళ్ళనే. "ఆయనకి దెబ్బ తగిలిందా టీచర్" అంది. నాతో అది మాట్లాడిన మొదటి మాట.

నీ స్టాండు ఇప్పటికీ నా బల్ల మీదే ఉంది. పిల్లలు గీసిన ప్రతి బొమ్మా దాని కిందనించే గోడెక్కుతుంది. నువ్వు పైపు వంచుతుంటే రెండో కొస తనే పట్టుకున్నానని అమ్మ చెప్పింది. ఫోను చేసినప్పుడల్లా ముందు దాని క్షేమం అడిగి, తర్వాత నా క్షేమం అడిగేది.

కార్డులు పంపుతున్నాను. నీళ్ళు, దుప్పటి, నొప్పి, కిటికీ, ఇంకా కొన్ని. ఖాళీవి కూడా పెట్టాను. అమ్మ ఎడమ చేత్తో గీస్తే గీయనీ. ఒక్కటే షరతు, నా పిల్లలకీ ఇదే చెప్తాను. ఎదుటివాళ్ళ బొమ్మకి నువ్వే పేరు పెట్టెయ్యకు. అడుగు. అవునని తల ఊపేదాకా అడుగు.

నీ కూతురు

*

టీచరమ్మకి,

కార్డులందాయి. దుప్పటి చూపిస్తే దుప్పటి, కిటికీ చూపిస్తే కిటికీ. ఫరవాలేదు, నీ చదువు పనికొచ్చింది. నవ్వించడానికే గీశాను. అయితే ఏంటి? ఇంట్లో నవ్వు వేరు, బయటి నవ్వు వేరు. ఆ సంగతి నేనింకా తేల్చుకోలేదు.

మీ అమ్మ ఎడమ చేత్తో గీసింది. ఏం గీసిందనుకున్నావు? కుళాయి. పైపుల మేస్త్రి పెళ్ళాం మరి. వంపు సరిగ్గా వచ్చింది. కింద చుక్క కూడా పెట్టింది. అడగమన్నావు. కుళాయిని చూపించి ఇదేంటని అడగడానికి నాకేం మతిపోయిందా?

గ్లాసు తెస్తే మొహం తిప్పుకుంటుంది. మళ్ళీ అదే గీస్తుంది. మళ్ళీ తెస్తాను. నిన్నయితే ఏడ్చింది. "తాగవే, నువ్వడిగిందే కదా" అని కసిరాను. నా మొహంలోకి చాలాసేపు చూసి తాగింది. ఇంత దాహం మంచిదేనా? బొమ్మ ఇందులో పెట్టాను, అక్కడ ఎవరైనా డాక్టరుకి చూపించు. నువ్వు రావద్దు. పిలుస్తానన్నాను కదా.

ఇట్లు,
మేస్త్రి

*

ప్రియమైన నాన్నకి,

అది కుళాయి కాదు నాన్నా. కుళాయికి కింద పీట ఉండదు. చుక్కకి నాలుగు మూలలుండవు. అది నువ్వు చేసిన స్టాండు. ఆ కొసన ఉన్నది ఫోను. దాహమైతే నీళ్ళ కార్డు చూపించేది కదా. అమ్మ నన్ను అడుగుతోంది.

సెలవు చీటీ ఇచ్చేశాను. రేపు రాత్రి బస్సుకి బయల్దేరుతున్నాను. ఈ ఉత్తరం ముందొస్తుందో నేనే ముందొస్తానో తెలీదు. నువ్వు ఫోను ఎత్తవు, పక్కింటి పిన్నీ ఎత్తడం లేదు, తలుపైనా తీస్తావని రాస్తున్నాను. నన్ను తర్వాత తిట్టుకో. అమ్మకి మాత్రం ఇప్పుడే చెప్పు, వస్తోందని. వినపడుతుంది, అర్థమవుతుంది.

నీ కూతురు

*

ప్రియమైన అమ్మడూ,

నీ ఉత్తరం ఇవాళొచ్చింది. నువ్వు తిరిగెళ్ళిన మర్నాడు.

నువ్వు బస్సులో ఉన్న రాత్రే మీ అమ్మ నిద్రలో పోయింది. నువ్వొచ్చేసరికి వాకిలి నిండా జనం. నిన్ను చూసి కూడా నేను కుర్చీలోంచి లేవలేదు. తర్వాత ఐదు రోజులు ఇంట్లోనే ఉన్నావు. వచ్చినవాళ్ళందరికీ నేను ఒకటే చెప్పాను. మాట పోయినా నా పెళ్ళాం మనసు నాకు తెలుసు, చివరిదాకా దాహం అనకుండా చూసుకున్నాను అని. గొప్పగా చెప్పాను. నువ్వు పక్కన కూర్చుని అవునని తల ఊపావు.

అప్పటికే నీకు తెలుసు. తెలిసీ ఊపావు.

చుక్కకి మూలలుండవని నాకు తెలీదా? నా బతుకంతా కుళాయిలు బిగించాను. ఆ పైపు వంచింది నేను. పీట బిగించింది నేను. కొస పట్టుకుంది ఆవిడ. మా ఇద్దరికీ తప్ప దాని పుట్టుక తెలిసినవాళ్ళు లేరు, అందుకే ఆవిడ అదే గీసింది. నాకు అర్థమవుతుందని గీసింది. నేను గ్లాసు పట్టుకొచ్చాను.

ఖాళీ కార్డు ఒకటి మిగిలింది. నీకేదైనా గీసి పంపుదామని కూర్చున్నాను. అది ఇంకా ఖాళీగానే ఉంది.

ఇప్పుడు నాకు రెండు సంగతులు కావాలి. నేను నొచ్చుకుంటానని బూరెల్లాంటి కబుర్లు రాయకు. మీ అమ్మ గీసిన బొమ్మ నీ దగ్గరే ఉంది. దాన్ని స్టాండు కింద పెట్టి గోడ మీద చూపించు. ఇదేంటని నీ పిల్లల్ని అడుగు. రోజూ దాన్ని చూసేవాళ్ళు, స్టాండనే అంటారు. అయినా అడుగు. ఒక్కరైనా, ఏ మూల కూర్చున్న మొద్దయినా సరే, కుళాయి అన్నారా? అది మొదటిది. రెండోది, ఆ రోజు నా మొహంలోకి అంతసేపు చూసి ఆ నీళ్ళెందుకు తాగింది? నువ్వు ఆవిడ కూతురివి. నీకు తెలిసే ఉంటుంది.

రాయలేకపోతే ఫోను చెయ్యి, ఎత్తుతాను. వచ్చే సోమవారం దాటకూడదు. సోమవారానికి నాకు జవాబు కావాలి.

మీ నాన్న